వెలుపలి గోడ వీధిది

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. అయితే ఇంటిలోనికి అడుగుపెట్టే అవకాశం కొందరికే లభిస్తుంది. దారిన పోయే వారందరికీ కనిపించేది వెలుపలి గోడ ఒక్కటే. గృహస్థు తన ఇంటి పైరంగును ఏడాదికి ఎన్నిసార్లు తేరిపార చూస్తాడు? ఎదురింటివారు మాత్రం ప్రతి ఉదయమూ తలుపు తెరవగానే దానినే చూస్తారు. లోపలి రంగు యజమాని అభిరుచి. వెలుపలి రంగు వీధికి ఆయన ఇచ్చే కానుక.

జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి కొంత ఆలస్యంగా అనుభవంలోకి వస్తుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, సాక్చి అనే పల్లె ఉన్న నేల మీద వెలసిన నగరమిది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు జంషెడ్జీ టాటా పేర దీనికి నామకరణం చేశాడు. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు ఇక్కడే తరాలుగా ఉండిపోయారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకొన్నారు. వాకిట ముగ్గు, గడపకు పసుపు మానలేదు. కాని క్వార్టరు గోడ రంగు మాత్రం వారు ఎంచుకొన్నది కాదు. అది వరుసలోని ఇళ్లన్నిటికీ ఒక్కటే.

ఉద్యోగ విరమణతో ఆ గడప దాటి, భవిష్యనిధి సొమ్ముతో మానగోలోనో సోనారిలోనో సొంత ఇల్లు కట్టుకొన్ననాడు, ఆ ఉద్యోగి రంగుల దుకాణంలో నమూనా పుస్తకం ముందు కూర్చొంటాడు. ముప్పై ఏళ్లు ఇతరులు నిర్ణయించిన రంగులో కాపురం చేసినవాడికి వందల రంగులు ఒక్కసారిగా ఎదురవుతాయి. ఆయనకు దుమ్ము కనపడని రంగు కావాలి. ఇల్లాలికి పుట్టింటి పసుపు గోడలు కళ్లలో మెదులుతాయి. చదువుకొన్న కొడుకు ముదురు బూడిద రంగే నేటి నాగరికత అంటాడు. ముగ్గురి కోరికా న్యాయమైనదే. అయితే పొరపడితే దిద్దుకోవడానికి మరొక భవిష్యనిధి లేదు. తీర్పు చెప్పవలసినవి ఎండ, వాన, ఇరుగుపొరుగు.

మొదటి చిక్కు నమూనా చీటీతోనే వస్తుంది. దుకాణంలోని దీపం కింద, అరచేతిలో సౌమ్యంగా కనిపించిన రంగు, ఎండలో పెద్ద గోడంతా పరచుకొనేసరికి గాఢమై, కళ్లకు కొట్టినట్లుంటుంది. కనుక మనసుకు నచ్చినదానికంటె ఒక మెట్టు మందమైన ఛాయను తీసుకోవడం వివేకం. అంతకంటె మేలైన మార్గం, తూర్పు గోడమీద ఒకచోట, పడమటి గోడమీద ఒకచోట మూడేసి అడుగుల మేర పూయించి, ఉదయం, మిట్టమధ్యాహ్నం, సాయంకాలం వీధిలో నిలిచి చూడడం.

రెండవ చిక్కు ఇరుగుపొరుగుది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకపు పనులకు అధిపతిగా ఉండగా, నలుపు నూలు వెలవెలబోతున్నదని ఫిర్యాదులు వచ్చాయి. ఆయన పరీక్షించి, దోషం నలుపులో లేదనీ, పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల కంటికి అలా తోస్తున్నదనీ గ్రహించాడు. ఆ పరిశోధనను 1839లో గ్రంథంగా వెలువరించాడు. ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. పక్క ఇల్లు గాఢమైన నీలమైతే, మన ఇంటి లేత పసుపు తానున్నదానికంటె పచ్చగా కనిపిస్తుంది. రంగును ఏకాంతంలో ఎంచుకోరాదు.

మూడవది వాతావరణం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊరిలో ముదురు గోడ ఎండను మింగి, రాత్రి దాకా ఇంటిని వేడెక్కిస్తుంది. లేత రంగు ఎండలో అధిక భాగాన్ని తిప్పికొడుతుంది. అలాగని అచ్చమైన తెలుపు వేస్తే, కర్మాగారాల నగరంలో ఎర్రని దుమ్ము, వర్షాకాలపు నాచు దానిమీద లెక్క రాసినట్లు కనిపిస్తాయి.

మరి నడిమి మార్గమేది? దాన్ని ఆ నేలే చూపుతుంది. నగరం పొలిమేర దాటగానే కనిపించే సంతాల్ పల్లెల్లో, దీపావళి రోజుల్లో వచ్చే సోహ్రాయి పండుగకు స్త్రీలు మట్టిగోడలను అలికి, ఎర్రమన్ను, పసుపుమన్ను, తెల్లమన్నులతో తీర్చిదిద్దుతారు. గోడ అడుగున ముదురు రంగు పట్టె దిద్దుతారు. సంక్రాంతికి మన పల్లెల్లో సున్నపు గోడ కింద జేగురు పట్టె వేయడం లాంటిదే ఇది. అందం సరే, చూరునీళ్లు చిందించే బురదను దాచే ఉపాయం కూడా అందులో ఉన్నది.

ఆ మన్నుకు ఎరుపును, పసుపును ఇచ్చేది ఇనుమే. నొవాముండి కొండల నుంచి కొలుముల్లోకి చేరే ఖనిజంలోని వర్ణమే పల్లె గోడమీదా మెరుస్తుంది. ఇనుప వర్ణకాలు ఎండకు వెలవెలబోవు. కొట్టవచ్చినట్లుండే ఊదాలు, గులాబీలు సాధారణంగా త్వరగా వాడిపోతాయి. కాబట్టి ఉక్కు నగరపు గోడకు గంధపు రంగో, లేత మట్టి రంగో వేసి, అడుగున జేగురు పట్టె, తలుపులకు ఆకుపచ్చ దిద్దితే దుమ్ము దాగుతుంది, వేడి తగ్గుతుంది, వీధిలోని చెట్లతోనూ పొత్తు కుదురుతుంది. భర్త కోరికా, భార్య జ్ఞాపకమూ రెండూ నెరవేరుతాయి. కొడుకు కోరిన బూడిద రంగుకు కిటికీ చట్రాల మీద చోటు దొరుకుతుంది.

రంగుకు ముందు గోడ ఆరోగ్యం చూడాలి. చెమ్మ ఆరకుండా వేసిన రంగు పైన పటారం, లోన లొటారమే. ఒక్క వర్షాకాలానికి పెచ్చులు లేస్తుంది. కొత్త సిమెంటు పూతను నాలుగు వారాలైనా ఆరనిచ్చి, వానలు వెళ్లాక పని మొదలుపెట్టాలి. పాత రంగును పొడిగా గీకించరాదు. గృహోపయోగ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 మించరాదన్న నిబంధన మన దేశంలో 2017లోనే అమలుకు వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ ధూళి పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకించి, రాలినదాన్ని జాగ్రత్తగా ఎత్తివేయాలి.

ఇంత శ్రమపడి వేసిన రంగుకూ కొన్నేళ్లే ఆయుష్షు. అయినా ఆ కొన్నేళ్లలో ఆ వీధి పిల్లలు దారి చెప్పేటప్పుడు ఆ ఇంటినే గుర్తుగా చెబుతారు. ముప్పై ఏళ్లు అంకెతో గుర్తింపు పొందిన క్వార్టరులో నివసించినవాడికి, తన ఇల్లు నలుగురి నోట రంగుతో పలకడం చిన్న సంతోషం కాదు.