చౌమహల్లాలోని సింహాసన శకటము

మా రుద్రంగినుండి హైదరాబాదునకు బోవువారు వేములవాడలో రాజరాజేశ్వరుని దర్శించి, కోడెను గట్టి, పిదప సిరిసిల్ల మీదుగా సాగుదురు. నగరము చేరినవారు చార్మినారును జూచి, గాజులు గొని మరలుట కద్దు. దానికి సమీపముననే యున్న చౌమహల్లా ప్రాసాదమును గూడ జూడుడని నా మనవి. అచటి దీపగుచ్ఛములకంటె నన్నాకర్షించినది యొక పసుపుపచ్చని మోటారుబండి.

అది 1912 నాటి రోల్స్‌రాయిస్. సిల్వర్ ఘోస్టు అను తెగకు జెందినది. ఆఱు సిలిండర్ల యంత్రముగల యీ తెగను ఆ కంపెనీవారు 1906 మొదలు సుమారు ఇరువదేండ్లు నిర్మించిరి. ఆ దినములలో వారు చట్రమును, యంత్రమును మాత్రమే యిచ్చెడివారు. పైకట్టడమును కొనువారి యభిరుచి ననుసరించి వేఱొకరు కట్టెడివారు. దీనిని గట్టినవారు లండనులోని బార్కరు కంపెనీవారు. వెనుకభాగమున ప్రభువునకై సింహాసనమువంటి యెత్తైన పీఠ మమర్చిరి. అందుచేతనే దీనికి సింహాసన శకటమను పేరు గలిగెను. పసుపు ఆసఫ్‌జాహీల పతాకవర్ణము.

దీనిని గోరినవాడు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్. కాని యాతడు 1911 ఆగస్టులోనే పరమపదించెను. తాను గోరిన పీఠముపై గూర్చుండు యోగ మాతనికి లేకపోయెను! బండి కుమారుడగు ఉస్మాన్ అలీఖానునకు దక్కెను. అది తిరిగిన దూర మంతయు 356 మైళ్లే యందురు. మా యూరివారు నగరమునకు రెండుమార్లు పోయివచ్చినచో అంతకుమించిన దూరమగును.

కదలని బండి చెడదని తలంతుము. నిజ మందుకు విరుద్ధము. రబ్బరు బీటలు వాఱును. తొట్టిలోని పెట్రోలు జిగురగును. పిస్టనులు తుప్పుపట్టి సిలిండర్లను గఱచుకొనును. కొయ్యను చెద తినును. రాజ్యము 1948లో భారతదేశమున గలసిన పిమ్మట ప్రాసాదమును శిథిలమగుచు వచ్చెను. ప్రిన్సెస్ ఎస్రాగారు పూనుకొని బాగుచేయింపగా 2005లో ప్రజలకు దెఱవబడెను. 2010లో యునెస్కోవారి బహుమానమును బొందెను. బండియు నీ శతాబ్దముననే మరల దిద్దబడినది.

ఇట్టి ప్రాతబండ్లను దిద్దువారు మొదట సుత్తి పట్టరు, చరిత్రను వెదకుదురు. చట్రముపై ముద్రించిన సంఖ్యయే యాధారము. పొలమునకు పహాణీ యెట్లో, బండికి కంపెనీవారి లెక్కపుస్తకమట్లు: ఎవరు కోరిరి, పైభాగ మెవరు కట్టిరి, ఎన్నడు పంపిరి యనునది యందు దెలియును. ప్రాత ఛాయాచిత్రములతో పోల్చి, పైరంగును కొంచెము గీకి, అడుగున నున్న తొలివర్ణమును గుర్తింతురు.

కాని యెంతవఱకు మార్పవలెను? మనమును బిందెకు అడుగు వేయింతుము, అమ్మమ్మ పట్టుచీరకు క్రొత్త అంచు కుట్టుదుము. అంతమాత్రమున నవి మాఱిపోవు. సర్వమును మార్చి మెఱుగు పెట్టినచో మిగులునది యొక నకలు మాత్రమే. నిలువదగినదానిని నిలిపి, విధిలేనిదానిని మాత్రమే మార్చి, మార్చినదానిని వ్రాసియుంచుటయే న్యాయమని నాకు దోచును.

నాడు రుద్రంగియు నిజాము రాజ్యములోని గ్రామమే. మన ముత్తాతలు చెల్లించిన శిస్తులో నొక పైసయైన నా పసుపురంగులో గలసియుండకపోదు. కావున పిల్లలకు దానిని జూపునపుడు ప్రభువు వైభవముతోపాటు, దున్నినవారి చెమటను, దిద్దినవారి యోర్పును గూడ జెప్పుడు.