సరస్వతి ఆకు

ద్రవ్యగుణం పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఇరవయ్యేళ్లకి, పబ్‌మెడ్‌లో ఎలా వెతకాలో లైబ్రరీలో పనిచేసే అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. అంతవరకూ పీజీ పిల్లలే వెతికిపెట్టేవారు. మా మగ ప్రొఫెసర్లకీ అంతే. కాకపోతే వాళ్లకి 'తీరిక లేదు', నాకు 'రాదు'.

మొదటిరోజు 'బ్రాహ్మి' అని కొట్టాను. కుప్పలుగా వచ్చాయి. ఆ అమ్మాయి లాటిన్ పేరు అడిగింది. బకోపా మొన్నియెరినా, సెంటెల్లా ఏసియాటికానా? కేరళలో బ్రాహ్మి అంటే మొదటిది. ఉత్తరాదిలో చాలాచోట్ల రెండోదాన్నీ అలాగే పిలుస్తారు. చరకుడి మేధ్య రసాయనాల్లో మండూకపర్ణిగా మేం పాఠం చెప్పేదీ, పరీక్షలప్పుడు మా అమ్మ పెరట్లోంచి కోసుకొచ్చి పచ్చడి చేసిపెట్టిన గుండ్రటి సరస్వతి ఆకూ ఈ రెండోదే. మొక్కనైతే చీకట్లో తడిమి చెప్పగలను. తెరమీద పేరు దగ్గర తడబడ్డాను.

ఇంటికొచ్చి, అంతకు రెండేళ్ల ముందు నేను సంతకం పెట్టిన ఒక థీసిస్ తీశాను. మొక్క సెంటెల్లా. ఉదహరించిన వ్యాసాల్లో సగానికి పైగా బకోపా మీదవి! శ్లోకంలో ఒక్క అక్షరం తప్పితే ఊరుకోని దాన్ని, ఇదెలా వదిలేశాను?

రాసినమ్మాయి ఇప్పుడు ఇంకో కాలేజీలో అదే పాఠం చెబుతోంది. ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు.

"మీరు చూశారు కదా అని నేను మళ్లీ చూడలేదు మేడమ్" అంది.