అల మీద రెండు క్షణాలు

ఆదివారం ఉదయం ఆరు కూడా కాకముందే చెన్నై నుంచి దక్షిణంగా ఈస్ట్‌ కోస్ట్‌ రోడ్డు పట్టే కార్లలో రెండు రకాల జనం కనిపిస్తారు. కొందరు మహాబలిపురం శిల్పాలకో, రిసార్టు గదికో వెళ్లేవాళ్లు. మిగతావాళ్లు సముద్రంలో పడటానికి వెళ్లేవాళ్లు. పడటానికే. ఎందుకంటే సర్ఫింగ్‌ నేర్చుకునే మొదటి రోజు ఎవరైనా చేసేది ప్రధానంగా అదే. గంటన్నర పాఠంలో పలక మీద నిలబడేది మహా అయితే రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల కోసం మళ్లీ వచ్చే ఆదివారం అలారం పెట్టుకుని లేచేవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు. వారిలో ఓల్డ్‌ మహాబలిపురం రోడ్డు వెంబడి ఉన్న సాఫ్ట్‌వేర్‌ కంపెనీల్లో పనిచేసే తెలుగు కుర్రాళ్లకు, అమ్మాయిలకు లోటేమీ లేదు. కేళంబాక్కం కూడలి నుంచి సముద్రం నాలుగైదు కిలోమీటర్లే మరి.

వాళ్లు దిగే ఊరు కోవలం. పేరు వినగానే కేరళ గుర్తుకు రావడం సహజం. తిరువనంతపురం పక్కనున్న కోవలం వేరు, చెన్నైకి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కోవలం వేరు. ఇంగ్లిష్‌ వాళ్లు దీన్ని కోవ్‌లాంగ్‌ అన్నారు. 18వ శతాబ్దంలో ఇక్కడ ఓ కోట ఉండేది. 1752లో రాబర్ట్‌ క్లైవ్‌ దాన్ని ఫ్రెంచివారి నుంచి స్వాధీనం చేసుకున్నారు, తర్వాత అది నేలమట్టమైంది. కోట ఉన్న చోట ఇప్పుడు ఖరీదైన హోటల్‌ ఉంది. ఒడ్డుకు దగ్గర్లోనే ఒక చర్చి, ఒక దర్గా. వాటి మధ్య మత్స్యకారుల ఇళ్లు, ఆరబెట్టిన వలలు, ఇసుక మీదకు లాగిన ఫైబర్‌ పడవలు. ఇప్పుడు ఆ పడవల పక్కనే, చెక్క స్టాండ్లకు ఆనించిన రంగురంగుల సర్ఫ్‌ బోర్డులు.

ఈ పలకలు ఇక్కడికి వచ్చిన కథ ఏ పర్యాటక శాఖ ప్రణాళికలోనూ పుట్టలేదు. ఈ ఊరి మత్స్యకారుడు మూర్తి మేగవన్‌ చిన్నప్పుడు చేతికందిన చెక్క ముక్క మీద బోర్లా పడుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చేవాడు. తీరప్రాంతపు పిల్లలందరూ ఆడే ఆటే అది. విశాఖ జాలరిపేటలో పెరిగినవారికి కూడా ఆ ఆట కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ శతాబ్దం మొదట్లో అటుగా వచ్చిన ఓ విదేశీయుడి దగ్గర అసలైన బోర్డు చూసి, అడిగి తీసుకుని, దాని మీద నిలబడ్డాడు. ఆ తర్వాత దాన్ని వదల్లేదు. 2012లో ఊళ్లోనే సర్ఫింగ్‌ పాఠశాల మొదలైంది. మరుసటేడు నుంచి సర్ఫింగ్‌, సంగీతం కలిపి పండగ జరపడం మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికా మాజీ క్రికెటర్‌ జాంటీ రోడ్స్‌ సైతం దానికి రావడంతో నగర పత్రికలు ఈ బెస్త పల్లెను వెతుక్కుంటూ వచ్చాయి. ఊరి పిల్లలకు నేర్పేటప్పుడు మూర్తి పెట్టిన షరతు మాత్రం పెద్దగా వార్తలకెక్కలేదు. బోర్డు కావాలంటే సిగరెట్‌, మందు ముట్టకూడదు.

ఇప్పుడు ఇక్కడ పాఠం చెప్పేవాళ్లలో ఎక్కువ మంది ఈ తీరపు కుటుంబాల కుర్రాళ్లే. తండ్రి పడవ మీద వేటకు వెళితే కొడుకు బోర్డు మీద నగరవాసుల్ని అలలెక్కిస్తుంటాడు. కొందరు రెండూ చేస్తారు. సముద్రం చదవడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఎక్సెల్‌ షీట్ల ముందు వారమంతా కూర్చుని వచ్చిన శరీరాలకు.

పాఠం నీళ్లలో కాదు, ఇసుకలో మొదలవుతుంది. కొత్తవారికి ఇచ్చే బోర్డు ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవుంటుంది. పైన మెత్తటి ఫోమ్‌. పెద్ద బోర్డంటే అవమానంగా భావించి చిన్నది అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చిన్న బోర్డు వేగంగా తిరుగుతుందేగానీ కొత్తవాడి బరువును మోయదు. బోర్డును ఇసుక మీద పెట్టి, బోర్లా పడుకుని, చేతులతో తెడ్డు వేస్తున్నట్టు ఇసుకను తోయిస్తారు. తర్వాత రెండు అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి ఒక్క ఊపున లేవాలి. ఒక కాలు ముందు, ఒకటి వెనక, మోకాళ్లు వంగి, చూపు ఒడ్డు వైపు. ఒడ్డున ఇది పదిసార్లు చేస్తే పదిసార్లూ వస్తుంది. నీళ్లలో పదకొండోసారి రాదు. మనిషి సహజంగా తన పాదాల వైపు చూసుకుంటాడు. చూపు ఎటు పడితే ఒళ్లు అటు పడుతుంది. కాలికి కట్టిన తాడు బోర్డును దూరం పోనివ్వదు కాబట్టి మళ్లీ ఎక్కవచ్చు. మళ్లీ పడవచ్చు.

తొలి పాఠాలన్నీ విరిగిన అల తాలూకు తెల్లటి నురుగులోనే, నడుముల్లోతు నీళ్లలో. విరగని పచ్చటి అలను పట్టుకోవడం వారాల తర్వాతి సంగతి. అందుకు కావాల్సింది కాళ్ల బలం కాదు, భుజాలది. చూసేవారికి సర్ఫింగ్‌ అంటే నిలబడటం. చేసేవారికి మాత్రం మూడొంతుల సమయం బోర్లా పడుకుని చేతులతో నీటిని తోయడం, మిగిలింది అల కోసం ఎదురుచూడటం. సోమవారం ఆఫీసులో కంప్యూటర్‌ మౌస్‌ను కదపలేక అవస్థపడే ఉద్యోగిని చూస్తే ఆదివారం ఎక్కడికి వెళ్లాడో సహోద్యోగులకు తెలిసిపోతుంది.

అయితే చెన్నై పక్కన ఇంత పొడవైన మెరీనా ఉండగా 40 కిలోమీటర్లు వెళ్లడం దేనికి? మెరీనాలో ఈత నిషేధం. అది ఉత్త కాగితపు నిషేధం కాదు. ఆ ఇసుక మేట చాలావరకు హార్బర్‌ కట్టిన తర్వాత ఏర్పడింది. నైరుతి రుతుపవనాల కాలంలో ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుకను హార్బర్‌ గోడ ఆపేసింది. మెరీనా వెడల్పయింది, గోడకు అవతల రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. ఒడ్డు దాటగానే నేల ఒక్కసారిగా లోతైపోయే చోట, అలలు వెనక్కి లాగే చోట కొత్తవారికి బోర్డు ఇవ్వడం ఆత్మహత్యా సదృశం. కోవలంలో తీరం ఒక కొమ్ములా సముద్రంలోకి చొచ్చుకు వస్తుంది. దక్షిణం నుంచి వచ్చే అల ఆ కొమ్మును తాకి వంగి, ఒక చివర నుంచి క్రమంగా విరుగుతూ వస్తుంది. సర్ఫర్లు దీన్నే పాయింట్‌ బ్రేక్‌ అంటారు. గోడ కూలినట్టు అంతా ఒకేసారి విరిగే అల మీద ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. క్రమంగా విరిగే అలే సవారీకి పనికొస్తుంది.

ఆ అల ఎక్కడి నుంచి వస్తుందన్నది మరింత ఆసక్తికరం. మే, జూన్‌ నెలల్లో ఇక్కడ గాలి లేకపోయినా అలలు లేవడం చూసి కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. వాటిలో చాలావాటి పుట్టుక హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన, వేల కిలోమీటర్ల దూరంలో చెలరేగే తుపాన్లలో. రోజుల తరబడి ప్రయాణించి వస్తాయి. దారిలో శ్రీలంక కొంత అడ్డుపడుతుంది కాబట్టి కోవలానికి చేరేసరికి వాటి కోపం కొంత తగ్గి ఉంటుంది. ఇదే రకం దూరపు అలలు మరీ బలంగా వచ్చి ఊళ్లను ముంచినప్పుడు కేరళ మత్స్యకారులు కల్లక్కడల్‌ అంటారు, అంటే దొంగ సముద్రం. ఈ అలల ఎత్తును, ఒక అలకూ మరో అలకూ మధ్య వ్యవధిని ముందుగా లెక్కగట్టి చెప్పేది సముద్రమే లేని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌. 1999లో ఏర్పడిన ఈ సంస్థ మత్స్యకారుల కోసం ఇచ్చే అంచనాలను ఇప్పుడు సర్ఫింగ్‌ గురువులు కూడా ముందు రాత్రే ఫోన్‌లో చూసుకుంటున్నారు. వ్యవధి పది సెకన్లు దాటితే వారి ముఖాలు వికసిస్తాయి. ఐదారు సెకన్లే ఉంటే అది స్థానిక గాలి రేపిన చిల్లర అల. నురుగులో దొర్లేవారికి అదే చాలు.

ఎండాకాలం నుంచి సెప్టెంబర్‌ దాకా నేర్చుకోవడానికి అనువైన కాలం. అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక సముద్రం గందరగోళంగా మారుతుంది. ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. వాయుగుండాలు వస్తాయి. ఆ నెలల్లో కొత్తవారిని నీళ్లలోకి దించుతామనే గురువును నమ్మకపోవడమే మంచిది. ఏ కాలమైనా పొద్దుటి పూటే పాఠం. ఎండ ఎక్కాక సముద్రం మీది నుంచి గాలి మొదలై అలల ముఖాలను చెదరగొడుతుంది. నీళ్లు ఏడాదంతా వెచ్చగానే ఉంటాయి గనక విదేశీ సినిమాల్లో మాదిరి రబ్బరు దుస్తులు అక్కర్లేదు. చేతులు కప్పే బిగుతు చొక్కా మాత్రం తప్పనిసరి. లేకపోతే ఫోమ్‌ రాపిడికి పొట్ట, ఎండకు వీపు రెండూ ఎర్రబడతాయి.

ఇక భయం సంగతి. ఈత రాకపోయినా నేర్పుతాం అని చెప్పేవారున్నారు. నడుముల్లోతులో, పక్కన గురువు ఉండగా అది సాధ్యమే. కానీ తీరంలో ప్రాణాలు తీసేది ఎగిసిపడే అల కాదు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి పోయే సన్నటి దారి, రిప్‌ కరెంట్‌. విషాదమేమంటే అది చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే దారి అది. ఇక్కడ అలల్లేవు కదా అని సెలవు మీద వచ్చిన విద్యార్థులు సరిగ్గా అక్కడే దిగుతారు. లాక్కెళితే ఒడ్డు వైపు ఎదురీదుతారు. అలసిపోతారు. చేయాల్సింది ఎదురీదడం కాదు, తేలుతూ పక్కకు, తీరానికి సమాంతరంగా ఈది దారి తప్పించుకోవడం. విశాఖ ఆర్‌కే బీచ్‌, యారాడల గురించి ఏటా పత్రికల్లో వచ్చే విషాద వార్తలు చదివేవారికి ఈ ఒక్క పాఠం కోసమైనా కోవలం రావచ్చు. మంచి గురువు బోర్డు ఇచ్చే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబెట్టి సముద్రాన్ని చూపిస్తాడు. నేరుగా నీళ్లలోకి తీసుకెళ్లేవాడు ఫొటోలు బాగా తీస్తాడేమో గానీ, గురువు కాడు.

మరికొంత దూరం ముందుకెళితే మహాబలిపురం. పల్లవుల తీర దేవాలయాన్ని అలల నుంచి కాపాడటానికి పేర్చిన బండలున్న ఈ తీరంలోనే 2023 ఆగస్టులో అంతర్జాతీయ సర్ఫింగ్‌ పోటీలు జరిగాయి. 2025 ఆగస్టులో ఆసియా చాంపియన్‌షిప్‌ కూడా ఇక్కడే. అందులో కర్ణాటక మూలాలుండి కేరళ కోవలంలో పెరిగిన రమేశ్‌ బుదిహాళ్‌ కాంస్యం గెలిచి, ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. ఈ ఊరి అమ్మాయి కమలి మీద 2019లో ఆమె పేరుతోనే ఓ లఘు డాక్యుమెంటరీ వచ్చింది. మత్స్యకార కుటుంబాల ఆడపిల్లలు ఒడ్డున చేపలమ్మడమేగానీ సముద్రంలోకి దిగడం అరుదైన చోట ఆమె బోర్డు పట్టుకుని వెళ్లడమే పెద్ద వార్త. నగరం నుంచి వచ్చే మహిళలు పెరిగినంత వేగంగా పల్లెల్లోని అమ్మాయిలు నీళ్లలోకి రావడం లేదన్నది ఒడ్డున కాసేపు నిలబడితే తెలిసిపోతుంది.

అక్కడే తెలిసే మరో విషయం, ఈ తీరం ఎవరిదన్నది. కోవలం తీరానికి 2021లో బ్లూ ఫ్లాగ్‌ గుర్తింపు వచ్చింది. విశాఖ రుషికొండకు అంతకు ముందేడే వచ్చింది. పరిశుభ్రత, గార్డులు, మరుగుదొడ్లు మంచివే. కానీ జెండా, కంచె వచ్చిన చోట వలలు ఆరబెట్టుకునే ఇసుక కుదించుకుపోతుందేమోనన్న గుబులు మత్స్యకార పల్లెల్లో కొత్తేమీ కాదు. 2004 సునామీ తర్వాత తీరానికి దూరంగా జరగమని చెప్పించుకున్నవాళ్లు, అదే తీరంలో రిసార్టులు లేవడం కూడా చూశారు. సర్ఫింగ్‌ ఆ వరసలో చేరకుండా ఉన్నదంటే కారణం, ఇప్పటిదాకా దాని పగ్గాలు చాలావరకు ఊరివాళ్ల చేతుల్లో ఉండటమే. రేపు పెద్ద పెట్టుబడి వస్తే ఏమవుతుందో చెప్పలేం. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. సర్ఫింగ్‌ పాఠాలకు గిరాకీ ఉండేది సరిగ్గా అప్పుడే. తీరంలోని ఎన్ని ఇళ్లకు ఆ రెండు నెలల్లో ఏ సంపాదన దిక్కో ఆలోచిస్తే, ఆదివారం కార్ల విలువ అర్థమవుతుంది.

తీరం పంచుకోవడానికి రాయని నియమాలున్నాయి. చిన్న ఫైబర్‌ పడవ వేట నుంచి తిరిగొచ్చేటప్పుడు అలను వెనక వేసుకుని ఒక్క ఊపున ఇసుక మీదకు దూసుకొస్తుంది. దానికి బ్రేకులుండవు. దూరాన మోటారు చప్పుడు వినగానే గురువు ఈల వేస్తాడు. నురుగులో దొర్లుతున్నవాళ్లంతా బోర్డులు లాక్కుని ఒక పక్కకు జరగాలి. అల మీద తొలిసారి నిలబడబోతున్నవాడైనా సరే.

తొమ్మిదిన్నరకు గాలి తిరుగుతుంది. బోర్డులను మంచినీళ్లతో కడిగి స్టాండ్లకు ఆనిస్తారు. పక్కనే పడవ నుంచి దించిన చేపల చుట్టూ ఆడవాళ్లు మూగి బేరమాడుతుంటారు. తడి బట్టలతో నిలబడ్డ నగరవాసుల్లో కొందరు, ఉదయం నుంచీ తమకు పాఠం చెప్పిన కుర్రాడి తల్లి దగ్గరే వంజరం చేప బేరం చేసి, ఆమె చెప్పిన ధరకే కొనుక్కుని కారెక్కుతారు.