చల్లగాలి అని ఇంజిన్‌ని నమ్మిస్తే



ఈమధ్య మీరు రాస్తున్న ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదేపదే కనిపిస్తోంది. "గాలి సెన్సర్ వైరుకి చిన్న పవర్ చిప్ కలిపితే పికప్ పెరుగుతుందట, మైలేజి కూడా వస్తుందట, పెట్టించమంటారా?" అని. నా మాట ముందే చెప్పేస్తాను: పెట్టించకండి. ఎందుకు వద్దంటున్నానో తీరిగ్గా చెబుతాను, వినండి.

అలాంటి చవక చిప్పుని ఊడదీస్తే లోపల కనిపించేది ఒక రెసిస్టర్, రెండు వైర్లు. దాన్ని కలిపేది ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడిని చూసే సెన్సర్‌కి. ఆ సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. బాష్ రకం సెన్సర్ తీసుకుంటే 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 40 డిగ్రీల దగ్గర సుమారు 1,200 ఓమ్‌లు చూపుతుంది. ఆ వైరు మధ్యలో 1,300 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారనుకోండి. మొత్తం 2,500 అవుతుంది. బయట రామగుండం మే నెల ఎండ మండుతున్నా, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ మాత్రం అరకులో చలికాలపు మధ్యాహ్నం అనుకుంటుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అందులో ఆక్సిజన్ ఎక్కువ. కాబట్టి ఈసీయూ పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది, స్పార్క్‌ని కాస్త ముందుకు జరుపుతుంది. చిప్పు చేసే పని ఇంతే.

అయితే పెట్రోలు ఎక్కువైందన్న సంగతి ఈసీయూకి ఎంతోసేపు దాగదు. సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ కూర్చుని ఉంది. 1976లో బాష్ వాళ్ల లాంబ్డా సెన్సర్‌ని వోల్వో కార్లలో మొదటిసారి పెట్టారు. అప్పటినుంచీ దాని పని ఒక్కటే, కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా చెప్పడం. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.9 వోల్టులు, తక్కువైతే 0.1 వోల్టు. ఈసీయూ ఆ రెండింటి మధ్య 0.45 చుట్టూ తిప్పుతూ, ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి ఉండేట్టు చూసుకుంటుంది. చిప్పు వల్ల ఎక్కువ పోసిన పెట్రోలుని ఈ సెన్సర్ పసిగడుతుంది, ఈసీయూ మళ్లీ తగ్గించేస్తుంది. మరి మొదటి రెండ్రోజులూ బండి హుషారుగా ఎందుకు అనిపిస్తుందంటే, చిప్పు బిగించేటప్పుడు చాలామంది బ్యాటరీ వైరు తీస్తారు. చాలా కార్లలో దాంతో ఈసీయూ అప్పటిదాకా నేర్చుకున్న లెక్కలు చెరిగిపోతాయి. కొత్తగా నేర్చుకునేదాకా ఆ తేడా ఉంటుంది. దాన్నే మనం పవర్ అనుకుంటాం.

అసలు ప్రమాదం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు. మామూలు ఆక్సిజన్ సెన్సర్ ఉన్న చాలా కార్లలో, అప్పుడు ఈసీయూ దాని మాట పక్కనపెట్టి తన పట్టిక ప్రకారం పోస్తుంది. ఆ పట్టికలోనే కంపెనీ వాళ్లు పెట్రోలు కాస్త ఎక్కువ వేసి ఉంచారు. దానిపైన చిప్పు ఇంకొంచెం పోస్తే పవర్ పెరగకపోగా తగ్గుతుంది. కాలని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండవచ్చు. అలా చాలాకాలం సాగితే లోపలి జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ కన్వర్టర్ మార్చాలంటే ఎంత ఖర్చో ఒకసారి షోరూములో అడిగి చూడండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది స్పార్క్ సంగతి. గాలి వేడెక్కినప్పుడు ఇంజిన్ నాకింగ్ కొట్టకుండా ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది. పిస్టన్‌ని కాపాడే ఏర్పాటు అది. గాలి చల్లగా ఉందని దాన్ని నమ్మిస్తే, సరిగ్గా ఎండాకాలంలోనే, ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడే ఆ కాపలా తీసేసినట్టు. నాక్ సెన్సర్ ఆదుకుంటుంది నిజమే. కానీ అది నాకింగ్ మొదలయ్యాక వినేది, ముందే ఆపేది కాదు.

డీజిల్ బండ్ల కథ వేరు. అక్కడ అమ్మే ట్యూనింగ్ బాక్స్, డీజిల్ ఒత్తిడిని కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్ మధ్యలో దూరి, ఉన్నదానికంటే తక్కువ ఒత్తిడి చూపుతుంది. ఈసీయూ కంగారుపడి ఒత్తిడి పెంచుతుంది, ఇంజెక్టర్ తెరుచుకున్న అంతే సమయంలో ఎక్కువ డీజిల్ లోపలికి పడుతుంది. పవర్ నిజంగానే వస్తుంది, కాదనను. కానీ 1,600 బార్ దాకా పనిచేసే పంపు, ఇంజెక్టర్లు అసలు ఎంత ఒత్తిడి మోస్తున్నాయో ఈసీయూకి ఇక తెలియదు. మన రోడ్లమీద లక్షల్లో తిరిగిన ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్ చూడండి. దాన్ని 75 పీఎస్ నుంచి 90కి తెచ్చినప్పుడు కంపెనీ వాళ్లు టర్బోనే మార్చి వేరియబుల్ జామెట్రీ రకం పెట్టారు. సెన్సర్‌తో అబద్ధం చెప్పించి ఊరుకోలేదు.

సెన్సర్ మార్చడమే తప్పని నేను అనడం లేదు. టర్బో ఒత్తిడి పెంచేవాళ్లు మేనిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ తీసేసి ఎక్కువ కొలవగలిగేది పెడతారు, దానికి తగ్గట్టు ఈసీయూలో లెక్కలు తిరగరాస్తారు, పవర్ కొలిచే డైనో మీద నడిపి చూస్తారు. అక్కడ సెన్సర్ నిజమే చెబుతోంది, నిర్ణయం మారింది. నాకు ఆ పని మీద గౌరవం ఉంది. అయితే చట్టాన్ని కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ పైన వారంటీ, బీమా చిక్కులు.

మరి పికప్ తగ్గిన బండికి ఏం చేయాలి? స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. అక్కడ స్కానర్ పెట్టించి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలు లెక్కని ఎంత సవరిస్తోందో అడగండి. సున్నాకి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే గాలి, పెట్రోలు లెక్క బాగున్నట్టే. ఈ20 పెట్రోలు పోసిన పాత బండికి అది కొంచెం ప్లస్ వైపు జరగడం సహజం, కంగారు పడకండి. పది దాటితే గాలి గొట్టం చీలిందేమో, గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ మీద మురికి పట్టిందేమో చూడమనండి. ఎయిర్ ఫ్లో సెన్సర్‌ని దానికోసమే అమ్మే క్లీనర్ స్ప్రేతో మాత్రమే కడగాలి. బ్రష్ పెట్టి రుద్దితే లోపలి సన్నటి ఫిల్మ్ పాడవుతుంది. ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్లైందో కూడా అడగండి.

ఇప్పటికే చిప్పు పెట్టించినవాళ్లు ఉంటే ఈ వారమే తీయించి, పాత కప్లర్ నేరుగా బిగించమనండి. తీశాక ట్రిమ్ అంకె ఎంత వచ్చిందో, బండి మోడల్‌తో సహా నాకు రాయండి.

ఉంటాను,
మీ కార్ల ఉత్తరాల రచయిత