ఆరు గంటల దూరం

హైదరాబాద్ నుంచి జిద్దాకు గాలిదారిన 4,100 కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా ఆగకుండా పోతే ఆరు గంటల లోపే. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పొద్దున పదింటికి ఎక్కితే, అక్కడ జుహర్ నమాజు వేళకు దిగొచ్చు.

మా అబ్బాకు ఈ లెక్కలు తెలియవు. 1992లో జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి బస్సులో బొంబాయి పోయి, అక్కడ విమానం ఎక్కిండు. ఏజెంటుకు కట్టిన అప్పుకు మిత్తి అప్పటికే మొదలైంది. జిద్దాలో ఒక ఇంటికి డ్రైవర్. పాస్‌పోర్టు కఫీల్ తీసుకుని బీరువాలో పెట్టుకున్నడు.

బడిలో మా సారు అడిగేవాడు: "ఏరా, మీ నాయన మీ దేశం పోయిండు గదా, ఖజూరాలు తెచ్చిండా?" పిల్లలంతా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. నాలుగేండ్లయినా ఆ 'మా దేశం'లో అబ్బాను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. ఆ ఇంటి పిల్లలు కూడా 'హిందీ' అనే కేకేసేవాళ్లట. అరబ్బీలో దానికి ఇండియావాడని అర్థం. ఇక్కడ మా సారు ఇయ్యని కితాబు అక్కడ రోజుకు పదిసార్లు ఉత్తగనే దొరికింది!

1996లో దాదీమా పోయింది. ఫజర్ అజాఁ అయిన కాసేపటికి. చాచా ఎస్.టి.డి. బూతుకు ఉరికిండు. అబ్బాకు సొంత ఫోన్ లేదు, ఎదురుగా ఉన్న దుకాణం నంబరే దిక్కు. అక్కడ ఇంకా తెల్లారలేదు, దుకాణం తెరవలేదు. మూడోసారికి దొరికిండు. "మయ్యత్‌ను ఆపమంటవా అన్నా?" అని చాచా అడిగిండు. అటునుంచి చాలాసేపు మాట లేదు. మీటరు మాత్రం తిరుగుతనే ఉంది. ఆఖరికి, "ఆపకుండ్రి, అమ్మకు తకలీఫ్ అయితది" అన్నడు.

అసర్ తర్వాత మట్టి ఇచ్చినం. అబ్బా వంతు పిడికెడు మట్టి నాతో వేయించిండ్రు.

ఆయన వచ్చింది ఇరవైమూడు రోజులకు. కఫీల్ ఊళ్లో లేడు. వచ్చినంక, పండుగ దాటనీ అన్నడు. ఆయన సంతకం లేనిదే ఎగ్జిట్-రీఎంట్రీ వీసా రాదు. విమానంలో గడిచిన గంటలు పోను మిగతా దూరమంతా ఆ సంతకానిదే.

2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం ఆ కట్టు సడలించింది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు యజమాని అనుమతి లేకుండానే ఆ వీసాకు పెట్టుకోవచ్చు. ఇంటి డ్రైవర్లను, ఇంటిపని మనుషులను, గొర్లు కాసేవాళ్లను మాత్రం బయటే ఉంచింది. అంటే మా అబ్బా లాంటివాళ్లనే.

2019లో అబ్బాను, అమ్మీని ఉమ్రాకు తీసుకుపోయిన. ఈసారి శంషాబాద్ నుంచి నేరుగా జిద్దాకే. ముందు సీటు వెనక తెరమీద కిలోమీటర్లు తగ్గుతున్నయి. అమ్మీ తస్బీ తిప్పుతూ నిద్రపోయింది. అబ్బా తెర వైపు చూడలేదు. పాస్‌పోర్టు సంచిలో పెడతా ఇవ్వమంటే, "ఉండనీ బేటా" అన్నడు. దిగేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూచున్నడు.