నిజాంపేట నుంచి జిద్దాకు ఆరు గంటలు

శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఆగని విమానం దీనిని ఇంచుమించు ఆరు గంటల్లో దాటుతుంది. నిజాంపేట నుంచి విమానాశ్రయానికి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్ళినా, రద్దీ వేళ గంటన్నర పట్టవచ్చు. విమానాశ్రయంలో మరో మూడు గంటలు. అంటే ఆకాశంలో గడిపే సమయంలో ముప్పాతిక వంతు నేలమీదే గడిచిపోతుంది.

పూర్వం మన హైదరాబాదు యాత్రికులు రైలులో బొంబాయి చేరి, అక్కడి నుంచి ఓడలో జిద్దాకు వెళ్ళేవారు. హజ్ ఓడలు 1995 వరకూ నడిచాయి. సముద్రంపై గడిచే ఆ రోజులలో ఉమ్రా, హజ్ విధులు తెలిసినవారు తెలియనివారికి నేర్పేవారు. ఈనాడు హైటెక్ సిటీలో సాయంత్రం వరకూ పనిచేసి, ఆ రాత్రే ఉమ్రాకు బయలుదేరే కుటుంబాలున్నాయి. ప్రయాణం తగ్గింది, నేర్చుకోవలసినది తగ్గలేదు.

దీని ప్రాముఖ్యం మీఖాత్ వద్ద తెలుస్తుంది. దైవప్రవక్త (సఅసం) నిర్ణయించిన ఆ హద్దును ఉమ్రా సంకల్పంతో వెళ్ళేవారు ఇహ్రామ్ లేకుండా దాటరాదు. దాటితే తిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ ధరించాలి, లేదా పరిహారంగా ఖుర్బానీ ఇవ్వాలి. విమానం నిమిషానికి పది కిలోమీటర్లకు పైగా సాగుతుంది. జిద్దాలో దిగడానికి కొద్దిసేపటి ముందే హద్దు దాటిపోతుంది. సిబ్బంది ప్రకటించేసరికి నిద్రలో ఉంటే ఏమి చేయగలం? అందుకే పురుషులు ఇహ్రామ్ వస్త్రాలను ఇంట్లోనే ధరించడం, లేదా చేతిసంచిలో ఉంచుకోవడం మేలు. పెద్ద పెట్టెలో పెట్టి అప్పగిస్తే అవి జిద్దాలోనే చేతికి వస్తాయి. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు, సంకల్పం, తల్బియా మాత్రం వారికీ తప్పవు. సంకల్పం తర్వాత విమానంలో ఇచ్చే సువాసన కాగితాలనూ వాడరాదు. ముందుగా మదీనాకు వెళ్ళేవారు, మక్కాకు బయలుదేరినప్పుడు జుల్ హులైఫా వద్ద ఇహ్రామ్ ధరిస్తారు.

నమాజు వేళల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పడమరకు పోయే విమానం సూర్యుని వెంట పోతుంది గనుక పగలు సాగుతుంది. తిరుగు ప్రయాణంలో సూర్యునికి ఎదురు వస్తాము, రాత్రి కుంచించుకుపోతుంది. జిద్దాలో అర్ధరాత్రి బయలుదేరితే, అక్కడి గడియారం నాలుగున్నర చూపే ప్రాంతంలోనే విమానంలో సూర్యోదయం కావచ్చు. జిద్దా వేళను నమ్ముకొని నిద్రిస్తే ఫజ్ర్ తప్పిపోతుంది. విమానం ఉన్న చోట కనిపించే వెలుగే నమాజుకు కొలమానం.

కనుక టిక్కెట్టు కొన్న నాటి నుంచే, ఇషా తర్వాత పావుగంట కుటుంబమంతా కూర్చుని తల్బియా, ఇహ్రామ్ నియమాలు, తవాఫ్, సయీ క్రమం నేర్చుకోవాలి. నాడు ఓడలో దొరికిన తీరికను నేడు మన ఇంట్లోనే కల్పించుకోవాలి. అల్లాహ్ మనందరికీ ఆ పవిత్ర గృహ దర్శన భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.