31 బస్సులు సరే... ఆ 12 మంది?

ఓ చిన్న లెక్క. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?

నవ్వొస్తోంది కదూ! 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పరిశోధన చేసేవాళ్లు చిన్న తరగతుల పిల్లలకు ఈ ప్రశ్నే ఇచ్చారు. 97 మందిలో 76 మంది ఆ అంకెల్ని ఎలాగోలా కలిపి జవాబు రాసేశారు. తెలివి లేక కాదు. బడిలో లెక్క ఇచ్చారంటే దానికి జవాబు ఉండి తీరుతుందనీ, అది అందులోని అంకెల్లోనే దాక్కుని ఉంటుందనీ అప్పటికే వాళ్లకు వంటబట్టింది.

మన ఇళ్లలో జరిగేదీ అదే. ‘మొత్తం’ అని ఉంటే కూడాలి, ‘మిగిలినవి’ అంటే తీసెయ్యాలి, ‘ఒక్కొక్కరికి’ అంటే భాగించాలి... హోంవర్కు దగ్గర కూర్చున్న అమ్మానాన్నలు చెప్పే కిటుకులివి. ట్యూషన్‌లోనూ ఇవే. లెక్కంతా చదవక్కర్లేదు, ఆ ఒక్క మాట దొరికితే చాలు! మార్కులూ వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలో 1980ల మొదట్లో జరిగిన ఓ జాతీయ పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను ఇలా అడిగారు: ఒక సైనిక బస్సులో 36 మంది పడతారు, 1,128 మంది సైనికులను తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి? దాదాపు 70 శాతం మంది భాగహారం తప్పు లేకుండా చేశారు. కానీ అందరిలో 29 శాతం మంది ‘31 బస్సులు, శేషం 12’ అని రాశారు. మరో 18 శాతం మంది శేషాన్ని వదిలేసి 31 అన్నారు. 32 అని రాసింది 23 శాతమే. పెళ్లివారిని బస్సెక్కించే పెద్దాయనెవరూ పన్నెండు మందిని రోడ్డు మీద వదిలేసి ‘శేషం’ అనడు కదా!

హంగరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో ‘హౌ టు సాల్వ్ ఇట్’ పుస్తకంలో నాలుగు మెట్లు చెప్పాడు. సమస్యను అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడటం. తరగతి గదిలో మూడో మెట్టు ఒక్కటే మిగులుతోంది. మొదటిది గైడు చేసిపెడుతుంది. నాలుగోదానికి పీరియడ్ చాలదు.

గణిత నమూనాలు, అంటే మోడలింగ్ పాఠం, పట్టుబట్టేది ఆ మొదటి, చివరి మెట్ల కోసమే. నిజం సంగతిని లెక్కగా మార్చాలి, చేయాలి, వచ్చిన జవాబును మళ్లీ నిజంలోకి తెచ్చి చూడాలి. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి గణితంలో దీనికి చోటు దొరికింది... పుస్తకం చివర, అనుబంధంగా. అనుబంధాల గతి ఏమిటో బడికెళ్లిన వాళ్లకు చెప్పక్కర్లేదు. మనకు మోడల్ అంటే మోడల్ పేపరే!

దీనికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఓ డాబా, ఓ వాన చాలు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లు? చదరపు మీటరుకు మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. మొత్తం 5,000 లీటర్లు. మామూలు లెక్క ఇక్కడితో అయిపోయింది. అసలు లెక్క ఇప్పుడు మొదలవుతుంది. కొంత డాబా పీల్చుకుంటుంది, కొంత చిమ్మి బయటికి పోతుంది. ఐదో వంతు పోయిందనుకుంటే 4,000 లీటర్లు. ఆ ‘అనుకుంటే’ ఎవరు చెప్పారు? పిల్లలే తేల్చుకోవాలి. ఒకరు పదో వంతంటారు, ఇంకొకరు పావు వంతంటారు. వాదించుకోనివ్వాలి.

రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతున్న ఇంకుడు గుంత ఘనపరిమాణం 6,000 లీటర్లు. సరిపోయిందని కలం మూసేయొచ్చు. కానీ గుంత ఖాళీగా ఉండదుగా, కంకర నింపుతారు. రాళ్ల సందుల్లో ఖాళీ 40 శాతం అనుకుంటే పట్టేది 2,400 లీటర్లే. మిగతా నీళ్లు వీధిలోకేనా? నేల ఈలోగా కొంత తాగేస్తుంది కదా అంటుంది ఓ పిల్ల. ఎంత తాగుతుంది, ఎంతసేపట్లో? ఆ వాన రాత్రంతా పడిందా, అరగంటలో కుమ్మరించిందా?